నలుగురు మాణిక్యాలు, ఒక కంచం

"మాణిక్యం గారున్నారా?" అని వాకిట్లో ఎవరో అడిగితే తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళి "నేనేనండి" అన్నాను. వచ్చినాయన నా భుజం మీదుగా లోపలికి చూశారు. లోపల మా అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆవిడ తప్ప ఇంకెవరూ లేరని తేలాక మళ్ళీ నా వైపు తిరిగారు.

"ఇంట్లో మగ మాణిక్యం ఎవరూ లేరా మేడం?"

"లేరండి. మా వారి పేరు పద్మనాభం."

కొద్దిగా దిగాలుపడినా వెంటనే సర్దుకున్నారు. తన పేరు త్రివిక్రమరావు అని, నాగవరం పట్టణ ఆవిష్కర్తల గౌరవ మండలికి ప్రత్యేకాధికారినని, కె. మాణిక్యం అనే వ్యక్తి ఒక కంచం కనిపెట్టినట్టు మండలి దృష్టికి వచ్చిందని చెప్పారు.

కంచం కనిపెట్టానని నేనెప్పుడూ అనుకోలేదు. కంచాలు ఎప్పటినుంచో ఉన్నాయి. మా అత్తయ్యకు కొన్నేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. డాక్టరు గారు మందులిచ్చి, పెరగకుండా చూడగలంగానీ తగ్గించలేం అన్నారు. అన్నం కలుపుకున్నాక మనందరం ముద్దను కంచం అంచుకు ఆనించి పైకి తీస్తాం. చెయ్యి వణికే మనిషికి సరిగ్గా అక్కడే మెతుకులన్నీ అంచు దాటి కింద పడతాయి. అలా పడుతున్నాయని అత్తయ్య అందరూ తిన్నాక వంటింటి గోడవైపు తిరిగి కూర్చుని తినడం మొదలుపెట్టింది. నేను తినిపిస్తానంటే, "చెయ్యి నాది, నోరు నాది, మధ్యలో నువ్వెందుకే" అంది.

అందుకని గిన్నెల షాపు మస్తాన్ దగ్గర కూర్చుని ఒక స్టీలు కంచం చేయించాను. ఒక పక్క అంచు కాస్త పైకి లేచి లోపలికి వంగి ఉంటుంది. జరిగిపోకుండా అడుగున సైకిలు ట్యూబు చుట్టు. చెప్పడానికి ఇంతే. కానీ మజ్జిగన్నానికి సరిపోయిన వంపు పప్పన్నానికి ఎక్కువవుతుంది. పప్పన్నానికి సరిచేస్తే వేలి కణుపు ఒరుసుకుంటుంది. మస్తాన్ అచ్చు మార్చిన ప్రతిసారీ నేను ఇంటికి తెచ్చి, అత్తయ్యకు వడ్డించి, పక్కన కూర్చుని చూసేదాన్ని. చివరికి కుదిరింది. ఆ రోజు రాత్రి ఆవిడ తనంతట తనే వచ్చి మా అందరి మధ్యా కూర్చుని తింది. మా వారు రెండోసారి నెయ్యి వేసుకున్నారు. సంతోషం వస్తే ఆయన చేసే పని అది.

మహిళా సంఘం ప్రదర్శనలో ఆ కంచం పెడితే ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. త్రివిక్రమరావు గారికి నా గురించి తెలిసింది అలాగన్నమాట.

"సదరు కంచాన్ని ప్రదర్శన నిమిత్తం మండలి స్వాధీనపరచుకుంటోంది," అన్నారు ఆయన. వెంట వచ్చిన ప్యూను కడిగి బోర్లించిన కంచాన్ని తీసి ఎర్రగుడ్డలో చుట్టాడు.

అత్తయ్య తలెత్తింది. "మధ్యాహ్నానికి తెస్తారా నాయనా?"

"ప్రక్రియ పూర్తికాగానే తిరిగి అందజేస్తాం అమ్మా."

"ప్రక్రియ అంటే, ఎన్నింటికి?"

ఆయన నవ్వి నమస్కారం పెట్టారు. ఆ మధ్యాహ్నం అత్తయ్య ఇడ్లీలు తింది. ఇడ్లీ చేత్తో పట్టుకోవచ్చు, మెతుకు రాలదు.

మర్నాడు మస్తాన్ దగ్గరికి వెళ్ళి ఇంకో కంచం చేసిపెట్టమన్నాను. "ఎక్కడమ్మా," అన్నాడు అతను, షాపు లోపలి గోడ చూపిస్తూ. అచ్చు ఉండేచోట మేకు ఒక్కటే ఉంది. "మీ కంచం పోయిన పూటే వాళ్ళొచ్చి అచ్చు కూడా పట్టుకుపోయారు. మాణిక్యం గారి అనుమతి లేకుండా చెయ్యకూడదంట."

"నేనేగా మాణిక్యాన్ని."

"నేనూ అదే అన్నాను. మీరొక్కరే కాదంట."

అసలు సంగతి మండలి కార్యాలయంలో తెలిసింది. రమ్మని కబురు వస్తే వెళ్ళాను. గదిలో ఒక కుర్చీ వేసి ఉంది. కుర్చీ పక్కన ముగ్గురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకాయన పశువుల ఆసుపత్రిలో కంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయన, కోలా మాణిక్యం గారు. గేదెలకు మందు పొరబోకుండా పట్టడానికి వంపు మెడ ఉన్న సీసా చేసుకున్నారు. రెండో అతను మోటార్లు చుట్టే మెకానిక్కు, కంచర్ల మాణిక్యం. మేడ మీది ట్యాంకు నిండగానే కోయిల కూసేలా ఒక పరికరం చేశాడు. కోయిల గొంతు పిల్లల బొమ్మలోంచి తీసింది. మూడో ఆయన బ్యాండు మేళం నడిపే కాటూరి మాణిక్యం. డోలు బరువు మెడ మీద పడకుండా నడుముకు పంచే తోలుపట్టీ ఆయన సొంత ఆలోచన. నేను కొండేపి మాణిక్యం. నలుగురమూ ఒకే ఊళ్ళో ఉంటున్నా ఒకరినొకరం చూసుకోవడం అదే మొదలు.

"కూర్చోండి," అన్నారు త్రివిక్రమరావు గారు. ముగ్గురూ నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చుని, వాళ్ళు నా వెనక నిలబడితే స్టూడియోలో ఫొటోకి దిగినట్టు ఉంది.

విషయం ఇదీ. 'ఒక పట్టణం, ఒక ప్రతిభ' అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి పట్టణమూ ఒక బహుముఖ ఆవిష్కర్తను ఎంపిక చేయాలి. ఆయన నాలుగు వేర్వేరు రంగాల్లో నాలుగు వస్తువులు కనిపెట్టి ఉండాలి. అలాంటి మనిషి లేని ఊరిని ప్రతిభారహిత పట్టణంగా ప్రకటిస్తారు. పక్క పట్టణం అప్పటికే ఒకాయన్ని చూపించేసింది. త్రివిక్రమరావు గారు వెతగ్గా వెతగ్గా, కంప్యూటరులో కె. మాణిక్యం అని కొడితే సరిగ్గా నాలుగు వస్తువులు వచ్చాయి. ఆయన ఆ సాయంత్రమే నివేదిక పంపేశారు.

"తర్వాత క్షేత్రస్థాయి పరిశీలనలో తమరు నలుగురని వెల్లడైంది," అన్నారాయన.

"అయితే నలుగురని రాసెయ్యండి సార్," అన్నాడు మెకానిక్కు మాణిక్యం.

"నివేదిక పైకి వెళ్ళిపోయింది. వెళ్ళిన నివేదికకు అనుగుణంగా వాస్తవాన్ని సవరించుకోవడమే మన ముందున్న కర్తవ్యం. మండలి దీన్ని క్షుణ్ణంగా చర్చించింది. ప్రతిభ ఒకటే. దేహాలు నాలుగు. ఇందులో నిబంధనలకు విరుద్ధం ఏమీ లేదు."

ఇంతలో టీ వచ్చింది. ఆహ్వానితులు ఒకరే కాబట్టి కప్పు ఒకటే.

"నాకు షుగరు," అన్నారు కంపౌండరు మాణిక్యం గారు. "ఆ అమ్మాయికివ్వండి."

త్రివిక్రమరావు గారు కలం తీశారు. "మాణిక్యం గారికి షుగరుందా? ఈ సంగతి ముందే చెప్పాల్సింది." ప్యూను వచ్చి నా చేతిలో కప్పు తీసుకెళ్ళిపోయాడు.

అక్కడినుంచి మా జీవితచరిత్ర తయారైంది. నేను చదివిన హోమ్ సైన్సు డిగ్రీ నలుగురికీ వచ్చింది. మెకానిక్కు మాణిక్యం సంతోషించి, "డిగ్రీ పాసయ్యానంటే మా ఆవిడ నమ్మలా అక్కయ్యా, మీరొకసారి ఇంటికొచ్చి చెప్పాల" అన్నాడు. కుటుంబ వివరాల దగ్గర కాస్త చర్చ జరిగింది. ముగ్గురు భార్యలు, ఒక భర్త అని వచ్చింది. భర్త విద్యుత్ శాఖలో ఉద్యోగి అని కూడా వేశారు. ఆ ప్రతిని మా వారు రెండుసార్లు చదివారు. తర్వాత, "ఆ ముగ్గురూ నాకేమవుతారు?" అని అడిగారు. నేను ఆలోచించి చెబుతానన్నాను.

"నా కంచం సంగతేమిటండి?" అని ఆ రోజే త్రివిక్రమరావు గారిని అడిగాను.

"అది మాణిక్యం గారి కంచం మేడం."

"అదేనండి. మాణిక్యాన్ని నేనేగా."

"తమరు మాణిక్యంలో నాలుగోవంతు. నాలుగోవంతు కోరితే మొత్తం వస్తువును విడుదల చేసే అధికారం నాకు లేదు."

మిగతా ముగ్గురూ వెంటనే "మేమూ కోరుతున్నామండి" అన్నారు. అప్పుడాయన, ఒకే వ్యక్తి ఒకే విషయం మీద నాలుగుసార్లు అర్జీ పెట్టుకోవడం నిబంధనలు ఒప్పుకోవని చెప్పారు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఊళ్ళో ఒకే మాణిక్యం ఉన్నప్పుడు నలుగురు మాణిక్యాలు ఒకే రోజు నాలుగుచోట్ల పనిచేస్తూ కనపడితే బాగుండదు. అందుకని వంతులు వేశారు. ఎవరి వంతు రోజున వారే మాణిక్యం. ఆ రోజు మాణిక్యంతో పని ఉన్నవాళ్ళందరూ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. మిగతా ముగ్గురూ మామూలు మనుషులు. నాకు గురువారం ఇచ్చారు.

మొదటి గురువారం పొద్దున పూజ ముగించి లేస్తుంటే గేటు దగ్గర గేదె అరిచింది. ఒక రైతు పలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మాణిక్యం గారి ఇల్లిదేనామ్మా? గేదె రెండ్రోజుల్నించి మేత ముట్టట్లేదు."

"కంపౌండరు మాణిక్యం గారి దగ్గరికి వెళ్ళయ్యా. ఆయనకు తెలుసు."

"పోయొచ్చానమ్మా. ఆయన ఇయ్యాళ మాణిక్యం కాదంట. ఇయ్యాళ మీరేనంట గదా."

గేదె నా మందారం చెట్టు వైపు చూస్తోంది. ఆ చూపులో మేత ముట్టని లక్షణమేమీ నాకు కనపడలేదుగానీ, నాకు గేదెల గురించి తెలియదు. ఇంతలో కంపౌండరు మాణిక్యం గారు చేతిలో సంచీతో అటుగా వచ్చి ఆగారు.

"నేను మామూలు మనిషినమ్మా, ఊరికే అటు పోతున్నాను," అన్నారు గోడవతల నుంచే. "ఎవరైనా ఆ గేదె మూతి పైకెత్తి పట్టుకుని, ఈ సీసాలో మందు పక్క దవడలోంచి మెల్లగా పోస్తే బాగుంటుందని ఒక అభిప్రాయం."

ఆయన అభిప్రాయాలు చెబుతూ ఉంటే నేను పోశాను. గేదె తాగింది. రైతు నాకు దణ్ణం పెట్టి, "మీ చెయ్యి మంచిదమ్మా" అని వెళ్ళాడు.

ఇలాంటివి అందరికీ జరిగాయి. కంపౌండరు గారి వంతు రోజున ఒక పెళ్ళివారు వచ్చి ఆయన్ని గుర్రం ముందు నిలబెట్టారు. ఆయన క్లారినెట్టు పట్టుకుని నడిచారు. ఊదింది మాత్రం పక్కన నడుస్తున్న ఒక మామూలు మనిషి. ఆ మామూలు మనిషి తన సొంత వంతు రోజున ఒక మోటారు విప్పి, తిరిగి బిగించలేక, డోలు పట్టీతో కట్టేసి పంపాడు. మెకానిక్కు వంతు రోజున ఎవరి పనీ ఆగలేదు. ఎవరు ఏ పని చెప్పినా అతను చేసేవాడు. పొద్దున్నే కిష్కింధలా అతని ఇంటి నిండా జనం.

కంచం పని మాత్రం ఎవరి రోజునా జరగలేదు. అచ్చు మండలి బీరువాలో ఉంది.

అత్తయ్య ఇడ్లీలు, రొట్టెలు, అరటిపళ్ళతో కాలక్షేపం చేస్తోంది. పాత కంచం పెడితే మళ్ళీ గోడవైపు తిరిగింది. తిరిగినా రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. జాకెట్టు చేతులు వదులయ్యాయి. నేను కుట్టు లోపలికి వేశాను. కొన్నాళ్ళకు మళ్ళీ వేయాల్సి వచ్చింది.

"పప్పన్నం తినాలని ఉందే," అంది ఒక రోజు, కందిపప్పు చెరుగుతున్న నన్ను చూస్తూ. తినిపిస్తానని నేను అనలేదు. అడిగితే కాదంటుంది. అడగకపోతే కనీసం ఆ మాట అనాల్సిన పని తప్పుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సమన్వయ కమిటీ వేశారు. ఒకే మెదడు నుంచి పుట్టిన నాలుగు వస్తువుల మధ్య ఒక అంతస్సూత్రం ఉండి తీరాలని పైనుంచి ప్రశ్న వచ్చిందట. ఇంజనీరింగు కాలేజీ ప్రొఫెసరు గారొకరు ఆ సూత్రాన్ని కనుక్కున్నారు.

"నాలుగింటిలోనూ జరిగేది ఒకటే," అని బోర్డు మీద బాణాలు వేసి చూపించారు. "ఒక పదార్థం ఒక పాత్రలోకి ప్రవేశించడం. నీరు ట్యాంకులోకి. మందు గేదెలోకి. అన్నం మనిషిలోకి."

"మరి మా డోలు పట్టీ అండీ?" అన్నారు బ్యాండు మాణిక్యం.

"శబ్దం జనంలోకి."

బ్యాండు మాణిక్యం ఆలోచించి, "అంతే కదండీ" అన్నారు.

అందుచేత నాలుగూ ఒకే ఆవిష్కరణకు నాలుగు దశలని, ఇన్నాళ్ళూ విడివిడిగా వాడటం వల్ల వాటి అసలు ప్రయోజనం మరుగునపడిందని కమిటీ తేల్చింది. నాలుగింటినీ కలిపి సమగ్ర మాణిక్య యంత్రం తయారు చేశారు. బిగింపులు మెకానిక్కు మాణిక్యం చేతే చేయించారు. తినే మనిషిని డోలు పట్టీ కుర్చీకి కట్టి ఉంచుతుంది. మోటారు కంచాన్ని తిప్పుతుంది. గేదె సీసా అన్నాన్ని నోట్లోకి పంపుతుంది. కంచం ఖాళీ కాగానే కోయిల కూస్తుంది.

నన్ను పిలిచి చూపించారు. నేను చూసి, "మా అత్తయ్య చేత్తో తింటుందండి" అన్నాను.

"సరిగ్గా అదే సమస్య మేడం," అన్నారు ప్రొఫెసరు గారు. "అందుకే మేం చెయ్యి అవసరం లేకుండా చేశాం."

యంత్రాన్ని మంత్రిగారి చేత ప్రారంభింపజేసి, అదే సభలో మాణిక్యం గారిని సత్కరించాలని నిర్ణయించారు. యంత్రానికి ఒక లబ్ధిదారు కావాలి. త్రివిక్రమరావు గారు మళ్ళీ మా ఇంటికి వచ్చారు.

"అమ్మగారు వేదిక మీద భోజనం చేయాల్సి ఉంటుంది," అన్నారు.

నేను వద్దనబోయాను. ఇంట్లో మా మధ్య తినడానికే సిగ్గుపడే మనిషిని అంతమంది ముందు కుర్చీకి కట్టి కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అత్తయ్య మాత్రం వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని అడిగింది.

"నా కంచం అక్కడుంటుందా?"

"యంత్రంలో అంతర్భాగంగా ఉంటుందమ్మా."

"వస్తాను," అంది అత్తయ్య. నా వైపు తిరిగి, "పప్పు నువ్వే వండు. వాళ్ళ పప్పు వద్దు" అంది.

సభ రోజు టౌను హాలు నిండిపోయింది. సన్మానితులు ఒకరే కాబట్టి శాలువా ఒకటే. నలుగురికీ చాలాలని జంట దుప్పటంత శాలువా తెప్పించారు. మేం నలుగురం దానికింద పక్కపక్కన నిలబడ్డాం. కంపౌండరు గారు పొడుగు, నేను పొట్టి. శాలువా వాలుగా ఉంది. అందరికీ లడ్డూలు పంచి మా దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం వెనక్కి తీసుకున్నారు. మాణిక్యం గారికి షుగరు కదా. మెకానిక్కు మాణిక్యం ఆ పళ్ళెం వెళ్ళినంత దూరమూ చూశాడు.

త్రివిక్రమరావు గారు మైకు ముందు మా జీవితచరిత్ర చదివారు. మూడు ఊళ్ళలో జన్మించి, బాల్యం నుంచీ పశువులను, యంత్రాలను, వాద్యాలను, వంటలను సమానంగా ప్రేమించి, అన్యోన్య దాంపత్యాలు గడుపుతున్న మాణిక్యం గారి గురించి విని జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న మా వారు కూడా, చుట్టూ చూసి, కొట్టారు.

తర్వాత అత్తయ్యను తీసుకొచ్చి యంత్రంలో కూర్చోబెట్టారు. పట్టీ బిగించారు. నేను శాలువాలోంచి బయటికి వచ్చి పప్పన్నం వడ్డించాను. నెయ్యి వేశాను. కంచం ఎదురుగానే ఉంది, అడుగున మోటారు ఇరుసుకు మరలతో బిగించి. మూతి ముందు గేదె సీసా వేలాడుతోంది. అత్తయ్య సీసాను చూసింది. హాలు మొత్తాన్నీ చూసింది. చేతులు ఎప్పటికంటే ఎక్కువ వణుకుతున్నాయి. వాటిని దాచుకోవడానికి అక్కడ గోడ లేదు.

మంత్రిగారు స్విచ్చి మీద వేలు పెట్టారు.

"కాస్త ఆగు నాయనా," అంది అత్తయ్య. మైకు దగ్గర ఉండటంతో ఆ మాట హాలంతా వినపడింది. మంత్రిగారు ఆగారు. ఆవిడ మెకానిక్కు మాణిక్యాన్ని పిలిచింది. "అబ్బాయ్, నువ్వేనా బిగించింది? ఆ కంచం ఊడదీసి నా ఒళ్ళో పెట్టు."

అతను శాలువాలోంచి నా వైపు చూశాడు, తర్వాత త్రివిక్రమరావు గారి వైపు.

"అది అంతర్భాగం అమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు, గొంతు తగ్గించి. "విడదీయడానికి వీల్లేదు."

"భాగం సంగతి తర్వాత చూద్దాం. అన్నం చల్లారిపోతోంది."

మెకానిక్కు మాణిక్యం జేబులోంచి పానా తీసుకుంటూ ముందుకు నడిచాడు. ముగ్గురు పట్టుకున్న శాలువా ఒక పక్క జారిపోయింది. అతను మరలు విప్పి, కంచాన్ని మెతుకు కదలకుండా తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. నడుము పట్టీ బ్యాండు మాణిక్యం గారు వచ్చి వదులు చేశారు. అత్తయ్య చెయ్యి చాపితే, మంత్రిగారి ముందున్న నీళ్ళ సీసా తీసి కంపౌండరు గారు ఆ చేతి మీద పోశారు. ఆవిడ చెయ్యి కడుక్కుని, విదిలించి, అన్నం కలిపింది.

కంచం బరువు తగ్గగానే యంత్రం కంచం ఖాళీ అయిందనుకుంది. బొమ్మ బ్యాటరీతో నడిచే కోయిల కూయడం మొదలుపెట్టింది.

"దాన్ని ఆపండి," అన్నారు త్రివిక్రమరావు గారు.

"ఆపాలంటే మళ్ళీ కంచం పెట్టాల సార్," అన్నాడు మెకానిక్కు.

అత్తయ్య ముద్దను లోపలికి వంగిన అంచుకు ఆనించి పైకి తీసింది. చెయ్యి వణికింది. రాలిన మెతుకులు అంచుకు తగిలి కంచంలోకే పడ్డాయి. ముద్ద నోట్లోకి వెళ్ళింది. అంత పెద్ద హాల్లో కోయిల తప్ప ఏదీ మాట్లాడలేదు. ఆవిడ తొందరపడలేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. ఎవరైనా తింటుంటే మధ్యలో లేచి వెళ్ళకూడదని మంత్రిగారికి వాళ్ళింట్లో నేర్పినట్టున్నారు, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

చివరి మెతుకు దాకా తిని ఆవిడ తలెత్తింది.

"ఎలా ఉందమ్మా?" అన్నారు మంత్రిగారు.

"పప్పులో ఉప్పు తగ్గింది," అంది అత్తయ్య.

నిజమే. కంగారులో సరిగ్గా చూడలేదు.

త్రివిక్రమరావు గారు అనుభవమున్న అధికారి. వెంటనే మైకు అందుకున్నారు. "సమగ్ర మాణిక్య యంత్రం విద్యుత్ రహిత స్థితిలో కూడా విజయవంతంగా పనిచేస్తుందని ఇందుమూలంగా రుజువైంది." హాలు చప్పట్లతో మారుమోగింది. ప్రొఫెసరు గారు లేచి నమస్కారం చేశారు.

జనం కదులుతుండగా ప్యూను ఎర్రగుడ్డ పట్టుకుని కంచం కోసం వచ్చాడు. వెనకే త్రివిక్రమరావు గారు.

"అమ్మా, సదరు కంచం మండలి ఆస్తి. మ్యూజియంలో ఉంచాలి."

అత్తయ్య కంచాన్ని అలాగే ముందుకు చాపింది. పప్పు మరకలు, వేళ్ళ జాడలు, కరివేపాకు రెబ్బ.

"ఎంగిలి కంచం నాయనా. పట్టుకుంటావా?"

ప్యూను చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. త్రివిక్రమరావు గారు అప్పటికే చాపిన చేత్తో తన జుట్టు సర్దుకున్నారు. ఎంగిలి కంచాన్ని స్వాధీనపరచుకోవడం గురించి మార్గదర్శకాల్లో ఏమీ లేదు. వాళ్ళు చూస్తుండగానే ఆవిడ లేచి, కంచాన్ని నా సంచీలో పడేసింది. కడగకుండానే ఇంటికి తెచ్చుకున్నాం. నా సంచీ పాడైంది.

ఆ తర్వాత కొన్ని వారాలు మండలి నుంచి ఎవరూ రాలేదు. గురువారాలు గేదె మాత్రం వచ్చేది. ఒక పొద్దున త్రివిక్రమరావు గారే వచ్చారు. ఈసారి వాకిట్లోనే చెప్పులు విప్పారు. చేతిలో మస్తాన్ అచ్చు ఉంది, ఎర్రగుడ్డలో.

"ఒక చిన్న సర్దుబాటు అవసరమైంది మేడం," అన్నారు.

సభ గురించి పంపిన నివేదికలో లబ్ధిదారు పేరు కె. సుందరమ్మ అని రాశారు. మా అత్తయ్య పేరు అదే. కంప్యూటరులో కొడితే ఊళ్ళో ఉన్న కె. సుందరమ్మలందరూ ఒకేసారి వచ్చారు. వారందరికీ కంచం అందినట్టు, వారందరూ వేదిక మీద పప్పన్నం తిన్నట్టు నమోదైంది. పైవాళ్ళు సంతోషించి, లబ్ధిదారులను స్వయంగా చూడటానికి తనిఖీకి వస్తున్నారు.

"రికార్డు ప్రకారం సుందరమ్మలందరికీ కంచాలు అందాయి," అన్నారు త్రివిక్రమరావు గారు. "అందిన కంచాలు ఇంకా తయారుకాలేదు. అదొక్కటే లోటు."

"ఏ కంచాలండి? యంత్రంతోనా?"

"విద్యుత్ రహిత నమూనా చాలు మేడం," అన్నారాయన, నేల చూస్తూ.

ఆ మధ్యాహ్నానికే అచ్చు మళ్ళీ మస్తాన్ గోడ మేకుకు చేరింది. తనిఖీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి అడిగిన ప్రతి సుందరమ్మకూ కంచం ఇవ్వమని మండలి అతనికి చెప్పింది. పేరు చెబితే చాలు, ఇంకేమీ అడగొద్దంది. ఆ సంగతి ఊళ్ళో పాకింది. చేతులు వణికేవాళ్ళు ఊళ్ళో అంతమంది ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు. అందరూ గోడవైపు తిరిగి తింటున్నవాళ్ళే కాబోలు. వాళ్ళందరూ ఇప్పుడు మస్తాన్ షాపుకు వచ్చి తమ పేరు సుందరమ్మ అని చెప్పి కంచం తీసుకెళుతున్నారు. మా వారికి లెక్కలు చెప్పిన హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. మీసాలు సర్దుకుని, "సుందరమ్మ" అన్నారట. మస్తాన్ "చిత్తం" అని ఇచ్చాడట.

వంతులు రద్దుచేస్తూ ఉత్తర్వు ఏదీ రాలేదు. ఇవాళ గురువారం. మధ్యాహ్నం అత్తయ్య, వెనక వీధి సుందరమ్మగారు మా వరండాలో పక్కపక్కన కూర్చుని తింటున్నారు. ఇద్దరి ముఖాలూ వీధివైపే. నేను మజ్జిగ పోస్తుండగా గేటు దగ్గర గేదె అరిచింది. అది ఇప్పుడు నన్ను గుర్తుపడుతుంది. గిన్నె దించి లేవబోయాను.

"కూర్చుని ముందు నువ్వు తినవే," అంది అత్తయ్య, ముద్ద పైకి తీసి పట్టుకుని. "మాణిక్యం లోపల అన్నం తింటోందని చెప్పు, ఆగుతారు."

మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి గాల్లో వణుకుతూనే ఉంది. మజ్జిగన్నం చుక్కలు చుక్కలుగా అంచు మీద పడి కంచంలోకే జారాయి. సుందరమ్మగారు తన కంచంలోంచి తలెత్తకుండానే, "ఉప్పు ఇటివ్వమ్మా" అంది.